గవర్నరు గెలిస్తే

“మా స్టేట్‌లో గవర్నరు పదవికి నిలబడ్డాయన గెలిస్తే, తుపాకీ కొనడానికి లైసెన్సే అక్కర్లేదట మీనా!” అమెరికా నుంచి ఫోనులో ఉత్సాహంగా చెప్పాడు సురేన్.

“అదేం పిచ్చి!” సింగపూర్‌లోని హౌగాంగ్ ఫ్లాట్‌లో, మంచం పట్టిన తల్లికి గంజి తాగిస్తూ అంది మీనా.

“పిచ్చి కాదు, హక్కు! నేనూ ఒకటి కొంటా.”

“అమ్మని వదిలి నేను రాలేనంటే, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు అవగానే మీరే వచ్చేస్తానన్నారుగా? ఇక్కడ ఇంట్లో తుపాకీ ఉంటే జైలే. కొని ఏం చేస్తారు?”

“అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే,” అన్నాడు సురేన్.

మీనా ఫోను మెల్లగా పెట్టేసింది.

“అల్లుడు ఎప్పుడొస్తాడటే?” తల్లి ఆశగా అడిగింది.

“అక్కడేవో ఎలక్షన్లటమ్మా. అవి అయ్యాక,” అంటూ తల్లి మూతి తుడిచింది మీనా.