తెడ్డు ఎవరి చేతిలో ఉంది?

పడవలు వాటంతట అవే నడిచే కాలం అది. దేశ సరిహద్దు రాగానే నడిసంద్రంలో టక్కున ఆగిపోయేవి. చేపల వెంట ఉత్తరానికి పోయిన శ్రీకాకుళం జాలరి ఎల్లాజీ పడవ కూడా అలాగే ఆగింది. కూతవేటు దూరంలో, సరిహద్దుకు అవతల, బంగ్లాదేశ్ జాలరుల పడవ మునిగిపోతోంది. నలుగురు దాన్ని పట్టుకుని వేలాడుతూ కేకలు పెడుతున్నారు.

“ముందుకు వెళ్లడానికి అనుమతి లేదు” అంది ఎల్లాజీ పడవ.

“మడుసులు సచ్చిపోతంటే అనుమతేటే, దిక్కుమాలినదానా!”

ఎల్లాజీ లంగరు ఎత్తి, దాంతో పడవను నడిపే యంత్రాన్ని పగలగొట్టాడు. తెడ్డు వేసుకుంటూ వెళ్లి నలుగురినీ పైకి లాగాడు. అప్పటికి అతని చేతులు పడిపోయాయి. మాట తెలియకపోయినా సంగతి గ్రహించి, వాళ్లే తెడ్డు అందుకుని వంతులవారీగా పడవను ఇవతలికి తెచ్చారు.

గస్తీ ఓడ అడ్డం వచ్చింది. “పరాయి దేశం వాళ్లను ఎందుకు తెచ్చావురా?” అని అధికారి గద్దించాడు.

ఎల్లాజీకి ఒళ్లు మండింది. “తెడ్డెవుడి సేతిలో ఉందో సూడండి! నాను ఆళ్లని తేలేదు, ఆళ్లే నన్ను తెచ్చినారు!”