గడ్డి మీది తలుపు

"తలుపేదీ?"

థనాసి పెట్టిన కేకకి వూలా పిండి చేతులతోనే వీధిలోకి పరుగెత్తుకొచ్చింది.

ఇంటి ముందు గడ్డి మీద రెండు చెక్కబల్లలు మాత్రం మిగిలాయి. వాటి మీద ఆరబెట్టిన కారు డిక్కీ తలుపు మాయమైంది. నిన్ననే దానికి నారింజరంగు ఆఖరి పూత పూశాడు. షెడ్డులో దుమ్ము పడుతుందని తెచ్చి ఎండలో పెట్టాడు.

"ఏవయ్యా, మతి ఉందా నీకు? పాతసామాన్ల వారంలో ఎవరైనా గడ్డి మీద పెడతారా?"

థనాసి వీధి పొడుగునా చూశాడు. ప్రతి ఇంటి ముందూ విరిగిన సోఫాలు, పాత పరుపులు, తిరగని ఫ్యాన్లు కుప్పలు పోసి ఉన్నాయి. ఈ వారం గడ్డి మీద ఏది కనబడినా నచ్చినవాళ్ళు పట్టుకుపోవచ్చు. మిగిలింది మునిసిపాలిటీ లారీకి. మెల్బోర్న్‌లో పుట్టి పెరిగినవాడికి ఆ సంగతి తెలియక కాదు. కారు ధ్యాసలో పడి ఏ వారమో మరిచిపోయాడు.

ఆ డెబ్బైల నాటి హ్యాచ్‌బ్యాక్ ఈ ఆదివారం పాత కార్ల ప్రదర్శనకి తన చక్రాల మీద తాను వెళ్ళాలి. వెళ్ళకపోతే సోమవారం తుక్కువాడి పాలు. వూలా తెగేసి చెప్పింది. ఏళ్ళ తరబడి షెడ్డు వదులుకుని, బట్టలకి గ్రీజు మరకలు వదిలించుకుంటూ వచ్చిన మనిషి. కాదనడానికి థనాసికి నోరు రాలేదు. ఇంజను బాగుపడింది. సీట్లు కుట్టించాడు. తీరా ఇప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది. అలాంటిది ఇంకొకటి కావాలంటే దేశమంతా గాలించాలి.

ఎదురింటి రెజ్ గులాబీలకి నీళ్ళు పోస్తూ పలకరించాడు. "తలుపు కోసమా? డోరీన్ తీసుకుపోయింది. రైలుగేటు అవతల ఉంటుంది చూడు, కారు వెనక ఆకుపచ్చ ట్రెయిలర్ తగిలించుకు తిరిగే ఆవిడ."

"చూస్తూ ఊరుకున్నావా?"

"ఛ, ఊరుకుంటానా? పెద్దావిడ మోయలేకపోతుంటే నేనూ ఓ చెయ్యి వేశాను."

థనాసి పళ్ళు కొరికాడు. వూలా కూడా బయలుదేరింది, మొగుడు ఎవరితోనైనా కలబడతాడేమోనని. గొడవకి వెళ్తున్నా సరే వట్టి చేతులతో వెళ్ళడం ఆవిడకి అలవాటు లేదు. అప్పుడే పొయ్యిలోంచి తీసిన పాలకూర రొట్టె పళ్ళెంలో పెట్టుకుని కారెక్కింది.

డోరీన్ షెడ్డు వెనక సందులోకి తెరిచి ఉంది. లోపల అచ్చం థనాసి కారులాంటిదే మరో కారు. అదే రంగు. దాని వెనక అతని తలుపు అప్పుడే బిగించి ఉంది. డెబ్బై దాటిన డోరీన్, చేతిలోని పానాని తాపీగా తుడుచుకుంటోంది.

"అది నా తలుపు!"

"గడ్డి మీద ఉంది కదా బాబూ."

"రంగు ఇంకా ఆరనేలేదు! చెత్తకి ఎవరైనా కొత్త రంగు వేస్తారా?"

"ఏమో, ఈ ఊళ్ళో ఎవరు ఏది పారేస్తారో ఎవరికి తెలుసు? నేనూ పోయిన ఏడాది ఇదే వారంలో తుప్పు గోకుదామని ఓ తలుపు అదిగో, అక్కడ పెట్టాను. టీ పెట్టుకుని వచ్చేలోగా ఎవరో పట్టుకుపోయారు. నేనెవరింటి మీదికైనా వెళ్ళానా?"

"అయ్యో! వాడి చేతులు విరిగిపోను!" అంది వూలా.

థనాసి డోరీన్ చూపించిన వైపు చూశాడు. ఇంటి పక్క సందులోంచి ఇంటి ముందరి వీధి, నిమ్మచెట్టు, దాని కింద గడ్డి కనబడ్డాయి. అతను చటుక్కున చూపు తిప్పేసుకున్నాడు.

వూలా మాత్రం పళ్ళెం ముందుకి చాచి ప్రాధేయపడుతోంది. "పెద్దమ్మా, మా ఆయన దీనికోసం తిండి మానేశాడు. ఆదివారానికి బండి కదలకపోతే తుక్కుకి వేస్తానన్నదాన్ని నేనే. ఏదో కోపంలో అన్నాను గానీ, తీరా ఇతని మొహం చూస్తే మనసొప్పడం లేదు. ఇచ్చెయ్యండి."

డోరీన్ ఓ ముక్క కొరికి, పానా అందుకుంది. "సరే, ఇంత బతిమాలుతున్నావు. పట్టుకుపొండి."

ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, తలుపు అతనిదే. థనాసి ముందుకి ఓ అడుగు వేశాడు. అక్కడే ఆగిపోయాడు.

"వద్దు," అన్నాడు. "వూలా, పద పోదాం. ఆ చేతులు విరగాల్సింది నాకే."

"ఏంటీ?"

"పోయిన ఏడాది ఆ నిమ్మచెట్టు కింద నుంచి పట్టుకొచ్చింది నేనే. పారేశారనుకున్నాను, ఒట్టు!"

"మరి తుక్కు దుకాణంలో బేరమాడి కొన్నానన్నావు!"

"గొప్పకి చెప్పానే."

వూలా మొగుణ్ణి ఎగాదిగా చూసి, ఉండబట్టలేక పకపకా నవ్వేసింది. చేతికి వచ్చిన తలుపు నిజం చెప్పి వదులుకున్న మొగుడి మీద ఆవిడకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "పోనీలే. షెడ్డు ఇంకో ఏడాది నీదే. ఇంకో తలుపు వెతుక్కుందాం," అంది.

"ఆదివారానికి ఇదే పెట్టుకోండి. సోమవారం తెచ్చి మళ్ళీ బిగించు," అంది డోరీన్.

థనాసి కళ్ళు చెమ్మగిల్లాయి. "దొంగనని తెలిశాక కూడా ఇస్తున్నారా, పెద్దమ్మా?"

"ఇప్పుడు తెలియడమేంటి బాబూ? పోయిన ఏడాది నువ్వు ఎత్తుకుపోతుంటే వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అంత తుప్పూ గోకి, రంగు పూసి, ఎప్పటికి పూర్తి చేస్తాడా అని ఇన్నాళ్ళూ మీ వీధి చుట్టూ తిరిగాను. అన్నట్టు, మా బోనెట్ కూడా తుప్పు పట్టింది. గడ్డి మీద పెట్టి ఉంచాను, వెళ్తూ వెళ్తూ పట్టుకుపో!"