విసిరేవాడా, పడగొట్టేవాడా

కాలేజీ కుర్రాళ్లను జట్లు పంచుకునే అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో మా వంతు వచ్చింది. పేరు చెప్పడానికి పది నిమిషాలే గడువు.

బంతి విసిరేవాడా, ఎదుటివాళ్లను పడగొట్టేవాడా అన్నది మేనేజర్ గార్లండ్ తేల్చుకోలేకపోతున్నాడు.

“మూడేళ్లుగా సరిగ్గా విసిరేవాడు లేక చస్తున్నాం. నువ్వేమో పడగొట్టేవాడే కావాలంటావేంటి, రాస్కో?”

“విసిరేవాణ్ణి కాచేవాళ్లు మనకెక్కడున్నారు బాస్? ఇదివరకు వచ్చిన ముగ్గురికీ మోకాళ్లు పోయాయి,” అన్నాను.

గార్లండ్ పడగొట్టేవాడి పేరు కార్డు మీద రాసి పంపించాడు. “ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా నీ స్వార్థం చూసుకుని మాట్లాడలేదు నువ్వు,” అన్నాడు.

నేను బయటికొచ్చి మా అమ్మాయికి ఫోన్ చేశాను.

“ఏమైంది నాన్నా?”

“మీవాణ్ణి మా జట్టు తీసుకోలేదమ్మా. ఫిబ్రవరిలో పెళ్లికొడుకు చర్చిలోకి తన కాళ్ల మీదే నడిచొస్తాడు.”