పన్నెండు దాటాలి

పన్నెండు దాటాలన్నాడు డాక్టరు. కూతురి రక్తం తొమ్మిదిన్నర దగ్గరే ఆగిపోయింది.

తల్లి ఆస్పత్రిలోనే డైటు చెప్పే అమ్మాయి దగ్గరికి పరిగెత్తింది. "మాంసం ముట్టదు, గుడ్డు ముట్టదు. దీనికి రక్తం ఎక్కణ్ణుంచి పడుతుందండీ?"

ఆ అమ్మాయి నవ్వింది. "గుడ్డు తినకపోతే కొంపేం మునగదమ్మా. పూటపూటకీ పప్పో శనగలో పడాలి. మీల్‌మేకర్, పల్లీలు, పెరుగు పెట్టండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి. తిన్నాక గంటదాకా టీ ఇవ్వొద్దు. బి-ట్వెల్వ్ మాత్రం ఆకుల్లో దొరకదు, మాత్ర వెయ్యండి. ఐరన్ మాత్ర కూడా."

తల్లి రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది. ఇంటికెళ్ళి ఆ కాగితాన్ని పొయ్యి పైన గోడకి అన్నం మెతుకులతో అతికించింది.

ఆ ఇంట్లో కూతురొక్కతే శాకాహారి. చిన్నప్పుడు కూరలో ముక్కలు తండ్రికీ అన్నకీ సరిపోయేవి. ఏడేళ్ళ వయసులో ఒకరోజు, "నాకు నీచు వాసన పడదమ్మా" అంది. తల్లి హమ్మయ్య అనుకుంది. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు మాత్రం కూతురు ఆవలిస్తే భయం, తుమ్మితే భయం. బకెట్టు ఎత్తనివ్వదు. బస్సులో వేలాడొద్దంటుంది. కూతురు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఒంటిగంట బెల్లు కొట్టేసరికి తల్లి బాక్సుతో గేటు దగ్గర ఉంటుంది. బోర్లించిన అట్టపెట్టె మీద కూచుని, బాక్సు ఖాళీ అయ్యేదాకా కదలదు.

గుండీలు కుట్టే ఆవిడ ఊరుకోలేదు. "మేకపిల్లని మేపినట్టు మేపుతున్నారేంటి పిన్నీ! పెళ్ళి సంబంధమేమైనా వచ్చిందా?"

"దిష్టి పెట్టకు తల్లీ!"

"ముప్పై రెండేళ్ళకి మా అమ్మకి నా కంచం కనిపించింది, అంతే," అంది కూతురు శనగలు నములుతూ. అందరూ నవ్వారు.

నెల తిరిగింది. పరీక్ష చేయిస్తే తొమ్మిది పాయింట్ ఏడు.

"ఐరన్ మాత్ర ఎలా వేస్తున్నారు?" అడిగింది డైటు చెప్పే అమ్మాయి.

"పాలతోనండీ. ఖాళీ కడుపున వేడి చేస్తుందని, పెద్ద గ్లాసుడు."

"అయ్యో! పాలతో వేస్తే ఐరన్ ఒంటికి పట్టదమ్మా. నిమ్మరసంతో వెయ్యాలి."

తల్లి అక్కడే తల బాదుకుంది. "నెల రోజులు నా చేతులారా నాశనం చేశాను!"

"పోనీలే అమ్మా. నేనెక్కడికి పోతాను?"

"నువ్వెక్కడికీ పోవే. రోజులు పోతున్నాయి!"

ఆ మర్నాటినుంచి తల్లి ఇంకా గట్టిగా పట్టుకుంది. పొద్దున నానిన పెసలు, మధ్యాహ్నం ఆకుకూర పప్పు, సాయంత్రం పల్లీలు. చారెడు అన్నం వదిలినా ఒప్పుకోదు. కూతురి బుగ్గలు నిండాయి. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. అద్దంలో చూసుకుని తనే ఆశ్చర్యపోయింది.

ఒకరోజు గేటు దగ్గర బాక్సు అందిస్తూ అడిగింది. "అమ్మా, ఇదంతా అయిపోయాక కూడా బాక్సు తెస్తావా?"

"పిచ్చి ప్రశ్నలూ నువ్వూ. ముందా అడుగున ఉన్న గింజలు తిను."

కూతురు తినేసింది.

మూడో నెల పరీక్షకి తల్లి ఉపవాసం ఉండి మరీ వెళ్ళింది. సూది గుచ్చుతుంటే తనే కళ్ళు మూసుకుంది. ఆ గంటసేపూ ఆవిడ మనసులోకి రాని కీడు లేదు. రిపోర్టు తారుమారైతే? పదకొండున్నర దగ్గరే ఆగితే?

డాక్టరు కాగితం చూసి తలూపాడు. "పన్నెండు పాయింట్ ఆరు. మిగతావన్నీ బాగున్నాయి."

తల్లి ఆ కాగితాన్ని లాక్కున్నంత పని చేసి కళ్ళకద్దుకుంది. మోచేతి మడతలో దూది నొక్కుకుని కూతురు బల్ల మీదే కూచుని ఉంది, అమ్మ తనవైపు చూస్తుందేమోనని.

తల్లి గబగబా మెట్లెక్కి పై అంతస్తులో డయాలసిస్ మంచం మీదున్న కొడుకు తల నిమిరి, "బతికించావురా నాన్నా, చెల్లెలి కిడ్నీ పనికొస్తుందట!" అంది.