పసుపునీళ్లతో కడిగిన షెంగ్

వర్ష ఊదింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు.

"అమ్మా, నడిమి గొట్టాలు పలుకుతలేవు!"

ఉమ గబుక్కున బిడ్డ చేతిలోని షెంగ్ లాక్కుని చూసింది.

వనపర్తిలో మూడు జిల్లాల సంగీత పోటీ. ఒక అమ్మాయి తర్వాత వర్ష వంతే. ఇక్కడ గెలిచిన ఒక్కరినే హైదరాబాదు పోటీకి పంపుతారు.

షెంగ్ చైనా వాళ్ల వాద్యం. ఇత్తడి గిన్నెలో గుత్తిగా గుచ్చిన వెదురు గొట్టాలు. ఊదితే రెండు మూడు స్వరాలు కలిసి పలుకుతాయి. బళ్లో సంగీతం చెప్పే జయపాల్ సారు ఎక్కడి నుంచో తెప్పించి ఇచ్చాడు. ధరూర్ మొత్తానికి అదొక్కటే.

"పొద్దుగాల దీన్నేమన్న చేసినవా అమ్మా?"

"ఏం చెయ్యలే బిడ్డా... వేన్నీళ్లల్ల పసుపేసి కడిగిన. ఎవరెవరు నోరు పెట్టిన్రో, ఎంగిలాయె! నీకు రోగం అంటుకుంటే నేను యాడ సావాలె?"

వర్ష ఏడుపు అందుకుంది.

హాలు బయట వాళ్ల పక్క బెంచీ మీది ఆడమనిషి లేచి వచ్చింది. నలిగిన నేత చీర, చంకలో గుడ్డసంచి.

"ఏదక్కా, ఇట్లియ్యి జర."

"నువ్వెవరు? నీకెందుకియ్యాలె?"

"మా ఇంటాయన హార్మోనియాలు బాగుచేస్తడు. దీనికీ లోపట గాలికి మోగే ఇత్తడి నాలుకలే, మైనంతోని అతికిచ్చి ఉంటయి. వేన్నీళ్లకు మైనం కరిగి జారినట్టుంది."

అంటూనే ఒక గొట్టం పీకేసింది.

"అయ్యో, ఆగం జేస్తివి గదనే! ఉన్నది గూడ పాయె!"

ఆమె చాయ్ కొట్టులో కొవ్వొత్తి అడిగి తెచ్చింది. జారిన మైనాన్ని గోటితో తీసి, సెగకు మెత్తబరిచి, ఊగుతున్న నాలుకను గొట్టం అడుగున అతికించసాగింది.

లోపల వేదిక మీద వయొలిన్ మొదలైంది.

ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి విన్నది.

"పాటలు వినే యాళ్లనా ఇది? జల్ది కానియ్!" కసిరింది ఉమ. మళ్లీ తనే నీరుగారిపోయింది. "గా పిల్ల మస్తు వాయిస్తున్నదమ్మా. ఇగ మా బిడ్డ పని ఖతమే."

"మస్తు వాయిస్తున్నదా?" ఆమె నవ్వింది. "సరే గని, కొవ్వొత్తికి గాలి తగలకుంట చెయ్యడ్డం పెట్టక్కా. ఇంకొక్కటే ఉంది."

వయొలిన్ ఆగి చప్పట్లు మోగేసరికి చివరి గొట్టం గిన్నెలో కూర్చుంది.

వర్ష వేదిక ఎక్కింది.

గొట్టాలన్నీ పలికాయి. ఊపిరి వదిలినా పాటే, పీల్చినా పాటే. ఎక్కడ తప్పుతుందోనని ఉమ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి జనమంతా లేచి నిలబడి ఉన్నారు.

"మొదటి బహుమతి, ధరూర్ వర్ష!"

ఉమ పక్కవాళ్లందరినీ పట్టుకుని ఊపేసింది. "నా బిడ్డ! గామె నా బిడ్డనే!"

అప్పుడు గుర్తొచ్చింది, అంతలేసి మాటలు పడ్డ ఆ మనిషి. దండం పెడదామని వెతుక్కుంటూ తలుపు దాకా వచ్చింది.

మైకు మళ్లీ పలికింది. "రెండో బహుమతి, వయొలిన్, పెబ్బేరు యమున!"

వేదిక దిగిన పిల్ల ఉమను దాటుకుని పరుగున పోయి, ఆ నలిగిన చీర మనిషిని వాటేసుకుంది. "అమ్మా, నేను వాయిస్తుంటె యాడికి పోయినవే?"