మైకు మాట

"నేను ఎడమకు అంటే వాడు కుడికని అరుస్తాడేంటి?" కోచ్ పికెట్ పళ్లు నూరాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో కోచ్ మాట ఒక్కడికే వినపడుతుంది. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాళ్లను ఆపే పదకొండు మందిలో, నడుమ నిలబడేవాడికి. అతడి హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది. విన్నది మిగతా పదిమందికీ అరిచి చెప్పాలి. తల్లిదండ్రులు ఏ పేరు పెట్టినా, ఆ చోట నిలబడ్డవాణ్ని మైక్ అనే పిలుస్తారు.

ఈ ఏటి మైక్ విలియామి. నిరుడు ఇదే ప్రత్యర్థి కాలేజీకి ఆడాడు.

"వాళ్ల ఉప్పు తిన్నవాడు, ఓరిన్," అన్నాడు కోచ్.

హెల్మెట్లు చూసుకునే ముసలి ఓరిన్ నవ్వాడు. "వాళ్లు కుడికే వచ్చారుగా కోచ్. మనవాడు ఆపాడుగా. వాళ్లకింకా సున్నాయే!"

"అదే నా అనుమానం. ఎటు వస్తారో వీడికెలా తెలుసు? ముందు నమ్మిస్తాడు. చివర్లో తలుపు తీస్తాడు."

మూడేళ్లుగా కోచ్ ఈ జట్టు చేతిలోనే ఓడుతున్నాడు. ఈసారీ ఓడితే ఉద్యోగం ఊడుతుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

మైదానం నడుమ నుంచి విలియామి వేలితో హెల్మెట్ మీద కొట్టి చూపించాడు.

"చూశావా, తలకాయ చూపిస్తున్నాడు! బుర్ర వాడికొక్కడికే ఉందట!"

ఆటలోని నాలుగు భాగాల్లో ఆఖరిది, చివరి క్వార్టర్ మొదలవగానే కోచ్ అతణ్ని బయటికి పిలిచేశాడు.

"కోచ్, నా హెల్మెట్లో..."

"తీసి అక్కడ పెట్టు. మైకు పని నా మాట వినిపించడం. సొంత కచేరీ పెట్టడం కాదు."

కాలేజీలో విలియామికి అదే ఆఖరి మ్యాచ్. బెంచీ మీద నుంచే "కుడికి! కుడికి!" అని గొంతు చించుకున్నాడు. జనం హోరులో ఎవరికీ వినపడలేదు.

రేడియో ఉన్న మరో హెల్మెట్‌తో అతడి చోట దిగిన టక్కర్ బుద్ధిమంతుడు. కోచ్ ఎడమ అంటే ఎడమ అన్నాడు. ప్రత్యర్థులు కుడి నుంచి వచ్చారు. మళ్లీ కుడి నుంచే వచ్చారు. పది పాయింట్ల ఆధిక్యం కొట్టుకుపోయింది. మ్యాచ్ పోయింది.

"వాడే మన గుట్టు చేరవేసి ఉంటాడు. పిలు వాణ్ని!"

"వెళ్లిపోయాడు కోచ్. అందరితో చేయి కలిపి, ఇది నాకిచ్చి వెళ్లాడు." ఓరిన్ విలియామి హెల్మెట్ చూపించాడు. "తప్పు నాది. పొద్దున మరిచిపోయాను."

అతడు హెల్మెట్‌ను తిరగేసి పట్టుకున్నాడు.

రేడియోలో బ్యాటరీ ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది. మూడు క్వార్టర్లూ ఆ పదిమందినీ నడిపిన మాటల్లో కోచ్ చెప్పింది ఒక్కటీ లేదు.