గేటు ఇవతల మూడో నంబరు

బుల్లి ఇంట్లో మంట మళ్ళీ ఆరిపోయింది.

డార్లా విసుక్కుంటూ బల్ల కిందికి దూరి తీగ సరిచేసింది. పైన తెల్ల చెక్కింటి మేడ కిటికీలో ఎర్ర బల్బు మిణుకు మిణుకుమంది. పది గంటలకు తలుపులు తీయాలి. బయట మంచులో పిల్లలు అప్పుడే తోసుకుంటున్నారు. క్రిస్మస్ నెల వచ్చిందంటే ఈ ఫైర్‌స్టేషన్‌లో నిజం ఫైరింజన్లు ఆరుబయటికి పోతాయి. ఆ చోట బొమ్మల ఊరు వెలుస్తుంది. ఊరి చుట్టూ పట్టాలు, వాటి మీద ఆగకుండా తిరిగే గూడ్సు బండి.

ఆర్విల్ స్టాంబా చుట్టల పెట్టె చంకన పెట్టుకుని మెల్లగా లోపలికి వచ్చాడు. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు.

"మళ్ళీ ఫైరింజనేనా?" డార్లా నవ్వింది. "ఈ ఊళ్ళో ఉన్నవి ఏడిళ్ళు. ఫైరింజన్లు తొమ్మిదయ్యాయి. వాటికి సరిపడా ఇళ్ళు తగలబెట్టడం నా వల్ల కాదు తాతగారూ!"

"ఇదే ఆఖరిది. చేతులు మాట వినడం లేదమ్మాయ్."

పెట్టె తెరిచాడు. దూదిలో అంగుళమున్నర పొడవున ఎర్రటి పాతకాలపు ఫైరింజన్ ఉంది. గుండుసూది తలతో గంట. అగ్గిపుల్లలు చీల్చి చేసిన నిచ్చెన. టీ డికాషన్‌లో నానబెట్టిన దారంతో నీళ్ళ గొట్టం. తలుపు మీద 3 అంకె. ఏటా అదే బండి, అదే అంకె. ఏటా ఆయనే తెచ్చి, రైల్వే గేటు ఇవతల, గేటుకు ముక్కు ఆనించి పెట్టి, వెళ్ళిపోయేవాడు.

ఎందుకో డార్లాకు తెలుసు. ఆమె ఫైర్‌స్టేషన్ ఉద్యోగానికి ఈ ఊరొచ్చి మూడేళ్ళే అయినా, గోడ మీద ఇత్తడి పలకను రోజూ తుడిచేది ఆమే. 'నాన్సీ స్టాంబా, ఆరేళ్ళు, 1967.' పక్కనే అద్దాల పెట్టెలో ఆనాటి రిజిస్టరు. మూడో నంబరు బండి నాలుగు నిమిషాల్లో గేటు దగ్గరికి చేరింది. గేటుకు అడ్డంగా గూడ్సు నిలబడి ఉంది. పదకొండు నిమిషాలు కదల్లేదు.

సొంత ఇల్లు తగలబడుతుంటే, సొంత కూతురు లోపలుంటే, గేటు ఇవతల ఫైరింజన్ మీద నిలబడి చూడాల్సి రావడం! పలక తుడిచిన ప్రతిసారీ డార్లా అదే తలచుకునేది.

ఫైరింజన్ మీద గోరంత మనుషులు నలుగురున్నారు. "వీళ్ళలో మీరెవరు తాతగారూ?" మెల్లగా అడిగింది.

"నేనిందులో లేనమ్మాయ్."

తన బొమ్మ తాను చేసుకోవడానికి మనసొప్పలేదు కాబోలు అనుకుంది.

"ఒక్క సాయం చెయ్యాలి," అన్నాడు ఆర్విల్. "ఈసారి దీన్ని గేటు దాటించాలి."

"అడ్డంగా గూడ్సు తిరుగుతుంటుందిగా?"

"ఆపు. గేటు దగ్గర మధ్యలో కొక్కెం విప్పి ముందు సగాన్ని కాస్త ముందుకు జరుపు. ఆ సందు చాలు."

"నిజం బండిని కూడా అలా విడదీయొచ్చా?"

"తీయొచ్చు. దారికి అడ్డమైతే తీయాలి కూడా."

"మరి ఆ రోజు తీయలేదేం?" డార్లాకు ఒళ్ళు మండింది. "పొగ కనపడి చావలేదా వాడికి? ఆ డ్రైవరు చేతులు పడిపోను!"

ఆర్విల్ చేతుల్ని కోటు జేబుల్లోకి దోపుకున్నాడు.

రైలు ఆపాలంటే ఫైర్ చీఫ్ గ్లెన్ ఒప్పుకోవాలి. పిల్లలొచ్చేది రైలు తిరగడం చూడ్డానికి, ఆగడం చూడ్డానికి కాదని ఆయన సిద్ధాంతం. డార్లా భయపడుతూనే వంటగదిలోకి వెళ్ళి అడిగింది. గ్లెన్ సూప్ కలుపుతున్న గరిటె ఆపి, తలుపులోంచి ముసలాయన్ని చాలాసేపు చూశాడు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు.

"ఆపెయ్," అన్నాడు.

"ఎంతసేపు?"

"ఆయన చాలనేంత వరకు. పిల్లలకు నేను చెప్పుకుంటాలే."

డార్లా వచ్చి రైలు నడిపే మీటను ఆర్విల్ ముందుకు జరిపింది. "మీ చేత్తో మీరే ఆపండి తాతగారూ."

ఆయన నిప్పు తాకినట్టు వెనక్కి జరిగాడు. "నేను ముట్టుకోను. నువ్వే ఆపు."

గూడ్సు గేటు దగ్గర ఆగింది. డార్లా కొక్కెం విప్పి, ముందు సగాన్ని జరిపింది. మధ్యలో దారి పడింది.

"ఎంతసేపు పట్టింది?" అన్నాడు ఆర్విల్, దారి వంకే చూస్తూ.

"అర నిమిషం."

"నిజం బండికైతే నాలుగు నిమిషాలు పట్టేది. అంతే."

ఫైరింజన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని పట్టాలు దాటించాడు. తెల్ల చెక్కింటి ముందు ఆపాడు. అగ్గిపుల్లల నిచ్చెన తీసి మేడ కిటికీకి ఆనించాడు. అది రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నిలిచింది. అప్పుడు ఆయన భుజాలు అదిరిపోయాయి.

డార్లాకు దుఃఖం ఆగలేదు. ఆయన భుజం చుట్టూ చేయి వేసింది. "మీ తప్పేముంది తాతగారూ? గేటు ఇవతల ఇరుక్కుపోయి మీరు మాత్రం ఏం చేయగలరు?"

ఆర్విల్ ఆ చేతిని మెల్లగా తీసేశాడు. విడిపోయి నిలబడ్డ గూడ్సు మీదికి వంగి, ముందున్న ఇంజన్‌ను వేలితో చూపించాడు.

"సిగ్నల్ ఇచ్చేస్తారులే, ఆ పొగ ఎవరింటిదోలే అనుకుని, పదకొండు నిమిషాలు దీంట్లోంచి దిగకుండా కూర్చున్న డ్రైవర్ని నేనేనమ్మా."